తల మీది నీళ్లా, కడుపులో నీళ్లా

మొన్న మన సిరిసిల్ల దవాఖానలో, డ్యూటీ గదిలో చాయ్ తాగుతుంటే శిక్షణకు వచ్చిన మీ బ్యాచ్ పిల్లవాడొకడు ఒక కథ చెప్పాడు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో కోరుట్లలో ఒక ఆంధ్రా డాక్టరమ్మ ఉండేదట. కడుపు తీయించుకోవడానికి వచ్చిన మన ఆడబిడ్డను సమ్మె సాకు చెప్పి వెనక్కి పంపిందట. ఆ పిల్ల చావు దాకా పోయి వచ్చిందట. రాష్ట్రం రాగానే డాక్టరమ్మ మూటాముల్లె సర్దుకొని వెళ్లిపోయిందట. అందరూ నవ్వారు. నేను కప్పు కింద పెట్టి వార్డులోకి నడిచాను. నవ్వలేదు గాని, ఆ పిల్లవాణ్ణి ఆపలేదు కూడా.

ఆ కథలో సమ్మె నిజం. వచ్చిన ఆడమనిషి నిజం. వెనక్కి పంపడం నిజం. పంపింది మాత్రం ఆమె కాదు, నేను.

ఇది రాసే ముందు ఆ డాక్టరమ్మకు, అంటే మా మేడంకు ఫోన్ చేశాను. రిటైరై కృష్ణ ఒడ్డున సొంతూళ్లో ఉంటోంది. ఎందుకయ్యా ఇప్పుడు అంది. తర్వాత తన పేరు రాయొద్దని, ఆ అమ్మాయి పేరు అసలే రాయొద్దని, నా పేరు నా ఇష్టమని చెప్పింది. నాదీ రాయడం లేదు. ఆ గదిలో చాయ్ తాగిన వాళ్లందరికీ నేనెవరో తెలుసు.

మీకిప్పుడు నేర్చుకోవడానికి ప్లాస్టిక్ బొమ్మలున్నాయి, వీడియోలున్నాయి. నా చదువులో అబార్షన్ అంటే పుస్తకంలో కొన్ని పేజీలు, థియేటర్లో వెనక వరుస. మగపిల్లలమైతే తలుపు దగ్గరే. సీనియర్లు దాన్ని 'సాఫ్' అనేవారు. 'సాఫ్ కేసుంది, వస్తావా' అంటే, పోయి ముందు వాళ్ల భుజాల మీదుగా చూసి రావడం. చెయ్యి పెట్టకుండానే డాక్టర్నయ్యాను. ఉద్యోగంలో చేరాక ప్రభుత్వం శిక్షణకు పంపితే జగిత్యాల దవాఖానకు వెళ్లాను. అక్కడ ప్రసూతి వార్డు మేడంది. పెళ్లై వచ్చిన ఏడు నుంచి ఈ జిల్లాలోనే పనిచేసింది. మాట మాత్రం కోస్తా మాటే, మారలేదు. 'ఏమ్మా, ఎట్లా ఉన్నావ్' అనే అడిగేది.

శిక్షణ అంటే సిరంజి చేతికిస్తుందనుకున్నాను. ఆమె నాకొక కుర్చీ ఇచ్చింది. టేబుల్ మీద పడుకున్న ఆడమనిషి తల పక్కన వేయించింది. 'ముందు ఇక్కడ కూర్చోండి. ఆమెకు ఏమవుతుందో ఆమెకు చెబుతూ ఉండండి. చెయ్యి పట్టుకోమంటే పట్టుకోండి, లేకపోతే వద్దు' అంది. నాకు అవమానమైంది. సిరిసిల్ల నేత కుటుంబంలో మొదటి డాక్టర్ని, ఇక్కడికి వచ్చి ఆడవాళ్లకు కబుర్లు చెప్పాలా అనుకున్నాను. ఆ కుర్చీలో కూర్చున్నాకే తెలిసింది, టేబుల్‌కు అవతలి వైపు నుంచి ఆ పని ఎలా ఉంటుందో. గొట్టం లోపలికి పోయేటప్పుడు పళ్లు ఎక్కడ బిగుసుకుంటాయో, ఎవరైనా గట్టిగా ఒక మాటంటే కళ్లు ఎటు పోతాయో అక్కడి నుంచే కనబడుతుంది. ఆ గదిలో మేడం ఒక్కసారి కూడా 'ఎందుకు తీయించుకుంటున్నావ్' అని అడగలేదు. ఆ రోజుల్లో చాలా చోట్ల, పిల్లలు కాకుండా ఆపరేషన్‌కు ఒప్పుకుంటేనే ఈ పని చేస్తామని మెలిక పెట్టేవారు. ఆమె ఆ మెలిక పెట్టనిచ్చేది కాదు. అడిగింది ఒకటి, మనం అంటగట్టేది ఇంకొకటా అనేది.

తర్వాత బొప్పాయి పండ్లు వచ్చాయి. గర్భసంచి అంత ఉన్నవి ఏరి తెచ్చేది. కాడ దగ్గర గొట్టం దూర్చి, చేతి సిరంజితో గింజలు లాగాలి. వార్డు సిస్టర్ ఒకామె ఉండేది, ఇక్కడి మనిషే, ఆదివారం చర్చిలో పాడే గొంతు. మమ్మల్ని చూసి, 'ఊర్ల ముసలోళ్లు కడుపుతోని ఉన్నోళ్లను పొప్పడిపండు తినకుండ్రి అని భయపెడ్తరు. ఈడ డాక్టర్లే దాని కడుపు తీస్తున్నరు' అనేది. నేను ఎన్ని పండ్లకు చిల్లి పెట్టానో చెప్పను. ఏ పండు చిరిగినా మేడం కోప్పడేది కాదు. పక్కన పెట్టి, ఇంకోటి ఇచ్చేది. చిరిగింది మాత్రం మా కళ్ల ముందే ఉంచేది.

పని అయిపోయిందని చేతికి ఎలా తెలుస్తుందో ఆమె మాటల్లో చెప్పలేదు. నా చేతి మీద తన చెయ్యి పెట్టి చూపించింది. లోపల నున్నగా జారుతున్న గొట్టం ఒక చోట గరగరమంటుంది. మా నాన్న మగ్గం చప్పుడు మారగానే, చూడకుండానే ఎక్కడో పోగు తెగిందని లేచేవాడు. అలాంటి తెలివి చేతికి రావాలి. అది వచ్చిన రోజు నాకు గుర్తుంది. మేడం తన చెయ్యి ఎప్పుడు తీసేసిందో గమనించలేదు. గరగర తగిలి ఆగి తల ఎత్తితే, ఆమె గోడకు ఆనుకొని నిల్చుని ఉంది.

ఇక నెలల లెక్క. ఆ రోజుల్లో పన్నెండు వారాల లోపైతే ఒక డాక్టర్ నిర్ణయం చాలు. దాటితే ఇద్దరు చూడాలి, పెద్ద దవాఖానకు పంపాలి. అందుకని లెక్క తప్పితే అన్నీ తప్పినట్టే. మన దగ్గర తారీఖులు చెప్పరు, పండుగలు చెబుతారు. మేడం నన్ను కూర్చోబెట్టి, ఇక్కడి ఆడవాళ్లు 'ఫలానా పండుగకు నీళ్లు పోసుకున్నా' అంటే రెండు అర్థాలున్నాయని చెప్పింది. కడుపు వచ్చిందని ఒకటి. ముట్టు అయిపోయి తలకు పోసుకున్నానని ఇంకొకటి. మొదటి ఏడు తానే ఇందులో పొరబడిందట. సిస్టర్ సర్దకపోతే పెద్ద తప్పే జరిగేదట. అప్పటి నుంచి ఎవరొచ్చినా, 'ఏం నీళ్లమ్మా? తల మీదా, కడుపులోనా?' అని అడిగేది. వచ్చినవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేవారు. నవ్వుతూ సరిగ్గా చెప్పేవారు. అప్పుడు కూడా మేడం ఆ మాటను నమ్మి ఊరుకునేది కాదు. టేబుల్ మీద చేత్తో చూసి, గర్భసంచి ఎంతుందో తేల్చుకున్నాకే ఔనో కాదో చెప్పేది.

నేను నవ్వాను. 'మేడం, గిది మా భాష. నాకు నేర్పుతరా?' అన్నాను.

'మీ భాషే బాబూ. మీ ఇంట్లో ఆడవాళ్లు ఈ లెక్క మీ ముందు ఎప్పుడన్నా మాట్లాడుకున్నారా?' అంది.

మాట్లాడుకోలేదు. ఆ మాట అక్కడే వదిలేశాను.

శిక్షణ అయ్యాక నన్ను కోరుట్లకు వేశారు. మేడం వారంలో కొన్ని రోజులు జగిత్యాల నుంచి వచ్చి అక్కడి కేసులు చూసేది. అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. బడులు మూతపడ్డాయి. దవాఖాన ఎదురుగా టెంట్ వేశారు. డాక్టర్లం ఓపీ బంద్ పెట్టి, ప్రాణం మీదికి వచ్చిన కేసులే చూడాలనుకున్నాం. కడుపు తీయించుకునే వాళ్లు ఆ లెక్కలోకి వస్తారా రారా అని మాలో మాకే గొడవైంది. మేడం టెంట్‌కు వెళ్లి, పెద్దమనుషులుగా కూర్చున్న బడి పంతుళ్లతో మాట్లాడింది. 'సమ్మె ఎన్నాళ్లయినా చేయండి. కడుపు మాత్రం సమ్మె చేయదు, పెరుగుతూనే ఉంటుంది' అందట. వాళ్లు నవ్వి, ఆ పని ఆపొద్దని ఒప్పుకున్నారు. ఆంధ్రా మనిషి, మా టెంట్‌లోకి వచ్చి ఆ మాట అడగడానికి ఎంత గుండె కావాలో ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. అప్పుడు మాత్రం, మనవాళ్లను ఒప్పించడానికి ఈమె ఎవరు అనిపించింది నాకు.

నేను రోజూ టెంట్‌లో మాట్లాడేవాణ్ణి. డాక్టరే మైకు పట్టుకుంటే జనానికి హుషారు. నా ఉపన్యాసం అంతా యాస మీదే. మన మాటను వాళ్లు ఎక్కిరించారు, మన మాట వాళ్లకు అర్థం కాదు, అర్థం చేసుకోవాలని కూడా లేదు. చప్పట్లు బాగా పడేవి.

ఒకరోజు రాస్తారోకో వల్ల మేడం రాలేకపోయింది. కోరుట్ల దవాఖాన సిస్టర్ ప్రసవం గదిలో ఉంది. నేను టెంట్‌కు బయలుదేరుతుంటే ఒకామె తల్లితో వచ్చింది. కల్లుగీత కుటుంబం. పుట్టిల్లు కోనరావుపేట వైపు. ఇద్దరు పిల్లలు, చిన్నది ఇంకా పాలు తాగుతోంది. భర్త మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి, వెళ్లిపోయాడు. ఈ కడుపు వద్దంది. తను బీడీలు చేస్తేనే ఇల్లు గడుస్తుందని, ఇంకో కాన్పుకు ఒంట్లో బలం లేదని తల్లి చెప్పింది. ఎప్పటి నుంచని అడిగాను.

'తొలేకాశికి నీళ్లు వోసుకున్న సార్' అంది.

నిలబడే లెక్క వేశాను. తొలి ఏకాదశికే కడుపుతో ఉందంటే, దానికి ముందు నెల ఒకటి కలపాలి. పన్నెండు వారాలు ఎప్పుడో దాటింది. ఇక్కడ కాదు, కరీంనగర్ పెద్ద దవాఖానకు పొమ్మన్నాను. కూతురే అడిగింది: 'బస్సుల్లేవు గద సార్. ఎట్ల వోవాలె?'

సమ్మె అందరికీ కష్టమేనని, మన కోసమేనని చెప్పాను. టేబుల్ ఎక్కించలేదు. చెయ్యి పెట్టలేదు. ఏం నీళ్లని అడగలేదు. రోడ్డు దాటి టెంట్‌లోకి పోయి, మన మాట వాళ్లకు అర్థం కాదని ఉపన్యాసం చెప్పాను.

కొన్నాళ్లకు మా దవాఖాన ముందు ఒక ఆటో ఆగింది. లోపల ఆమె. ఒళ్లు కాలిపోతోంది, చీర తడిసిపోయి ఉంది. ఊళ్లో ఎవరి చేతో చేయించుకుంది. తల్లి నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు, కాళ్ల మీద పడబోయింది. సెలైన్ పెట్టి, నేను అదే ఆటోలో ఎక్కాను. దారిలో రోడ్డుకు అడ్డంగా బండలు, మనుషులు. నేను దిగి కేకేస్తే అందరూ కలిసి బండలు జరిపారు. టెంట్ డాక్టర్‌ను వాళ్లంతా ఎరుగుదురు.

దారిలోనే మేడంకు ఫోన్ చేసి, ఆ తొలి ఏకాదశి మాటతో సహా అంతా చెప్పాను. జగిత్యాలలో ఆమె అప్పటికే చేతులు కడుక్కొని నిలబడి ఉంది. మందులు ఎక్కిస్తూ, ఆమె చెవి దగ్గర వంగి నెమ్మదిగా అడిగింది: 'తొలి ఏకాదశికి ఏం నీళ్లమ్మా? తల మీదా, కడుపులోనా?'

ఆమె కళ్లు తెరవకుండానే చెప్పింది. 'తలకు మేడం. ముట్టు తానం.'

అంటే నా దగ్గరకు వచ్చిన రోజు పది వారాలు. కోరుట్లలో, ఆ పూటే, నా చేత్తో అయిపోయే పని.

మేడం నా వైపు చూడలేదు. లోపల మిగిలిపోయింది తీయాలి, గర్భసంచి చీముపట్టి మెత్తగా ఉంది, చిన్న పొరపాటుకు చిల్లి పడుతుంది. ఆమె చెయ్యి ఆ రోజు ఎంత నెమ్మదిగా కదిలిందో నేను మీకు చూపించగలను గాని చెప్పలేను. మధ్యలో ఆగేది, ఊపిరి తీసుకునేది, మళ్లీ కదిలేది. తీసిందంతా నీళ్ల గిన్నెలో పోసి, వెలుతురుకు పట్టి చూసి, ఇంకా ఉందని మళ్లీ కూర్చుంది. గర్భసంచి తీసేయడం సులువు. అప్పుడున్న పరిస్థితిలో ఎవరు చేసినా తప్పుపట్టరు. ఆమె దాన్ని కాపాడింది, మనిషినీ కాపాడింది.

బయటికి వచ్చేసరికి ఆ అమ్మాయి అన్న, వెంట ఊరివాళ్లు వరండా నిండా ఉన్నారు. ఎవరో అప్పటికే చెప్పేశారు, కోరుట్లలో వెనక్కి పంపారని.

'ఎవలు మా చెల్లెను వాపస్ తోలింది? గీ ఆంధ్రా డాక్టరమ్మనేనా?'

మేడం టోపీ తీసింది. 'ఇక్కడ పెద్దదాన్ని నేనే బాబూ. ఏం అడగాలన్నా నన్నడగండి.'

'అడుగుడేంది? మా ఆడోళ్లు సస్తే మీకేం వాయె. మీ దేశం మీరు పోరాదుండ్రి.'

ఇంకా చాలా అన్నారు. ఆమె గోడకు ఆనుకొని వింది. జగిత్యాల వార్డు సిస్టర్ తలుపు దగ్గర నిల్చుని నా వైపే చూస్తోంది. నా మెడలో ఉద్యమం కండువా అలాగే ఉంది. అన్న నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. 'మీరు మనోళ్లు గావట్టి పానం నిలవెట్టిండ్రు సార్' అన్నాడు. నేను చెప్పాల్సింది ఒక్క మాటే, పంపింది నేనని. వాళ్లు వెళ్లేదాకా అది చెప్పలేదు.

ఆ తర్వాత లోపలికి వెళ్లి, 'మేడం' అన్నాను. ఆమె చేతులు తుడుచుకుంటూ, జ్వరం చార్టు నన్నే చూడమంది. 'రేపటి నుంచి మళ్లీ తల దగ్గర కుర్చీలో మొదలుపెడదాం' అంది. అంతే. కోరుట్ల డ్యూటీ వేరేవాళ్లకు సర్ది, నాకు మొదటి నుంచి నేర్పింది. కుర్చీ, పండ్లు, చెయ్యి. వచ్చిన ప్రతి మనిషినీ, ఏం నీళ్లమ్మా అని నేనే అడగాలి. సిస్టర్ కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. ఒకరోజు మాత్రం, 'మీ తెలుగు సుదరాయించింది సార్' అంది, బాగుపడిందని.

రాష్ట్రం వచ్చింది. ఉద్యోగుల పంపకాల్లో మేడం అటు వెళ్లింది. పారిపోలేదు, ప్రభుత్వం పంపితే వెళ్లింది. వీడ్కోలు సభలో నేను మాట్లాడాను, ఆమె చేతి పనితనాన్ని పొగిడాను. వరండా సంగతి ఎత్తలేదు. ఆ తర్వాత నేను చేసింది ఇంకో పని. జిల్లా ఆఫీసులో కుర్చీ ఖాళీ ఉంటే అడిగి వేయించుకున్నాను. మీటింగులు, రిపోర్టులు. ఆ టేబుల్ దగ్గరికి పోతే ఆ ఆటో గుర్తొచ్చేది, అందుకని పోలేదు. కొన్నేళ్లు అట్లా గడిపి, సిరిసిల్లకు మార్చాక, మీకు ముందు బ్యాచ్‌కు నేర్పేవాళ్లు లేరంటే మళ్లీ సిరంజి పట్టాను.

మొన్న మీవాడు కథ చెప్పాక ఆదివారం ఆ అమ్మాయి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఇక్కడే, సిరిసిల్లలో ఉంది. భర్త గల్ఫ్ నుంచి తిరిగొచ్చి మగ్గాల షెడ్డులో పనికి పోతున్నాడు. ఆమె గడప దగ్గర చాట ముందేసుకొని బీడీ ఆకు కత్తిరిస్తోంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. నిలబడే చెప్పాను, ఆ రోజు నిన్ను వెనక్కి పంపింది మేడం కాదమ్మా, నేను అని.

'నాకెర్కలేదా సార్? నా ముంగటనే గద మీరు చెప్పింది' అంది.

మరి మీ అన్నకు ఎందుకు చెప్పలేదన్నాను.

'చెప్తనన్న. మేడమే అద్దన్నది. జరం తగ్గినంక నా పక్కపొంటి కూసోని చెప్పింది. ఆ సారు ఇంకా నేర్చుకుంటుండు. గిప్పుడు అందరు ఆయన మీద పడితె ఈ పని ఇడిసిపెట్టి పోతడు. రేపు నీ అసోంటిది అస్తె చేసేటోడు ఉండడు అన్నది. నన్ను తిడితె తిట్టనియ్యి అన్నది.'

కత్తెర ఆపలేదు. ఆకులు ఒకే కొలతలో చాటలో పడుతున్నాయి.

'మరి చేస్తున్నరా సార్?'

అబద్ధం చెప్పలేకపోయాను. నడుమ కొన్నేళ్లు ఇడిసిపెట్టిన, మళ్ల మొదలువెట్టిన అన్నాను.

ఆమె తల ఎత్తింది. నిష్టూరంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. 'మరి ఆ నడుమ అచ్చినోళ్లు ఎటు వోయిండ్రు?'

రేపటి నుంచి మీరు తల దగ్గర కుర్చీలో కూర్చుంటారు. ఈ పని కష్టమనిపించి, పేరు చెడుతుందనిపించి, వదిలేసి ఏదో ఆఫీసులో చేరదామని మీలో ఎవరికైనా అనిపిస్తే నన్ను అనుమతి అడగొద్దు. ఆమె ఇంటికి దారి చెబుతాను. వెళ్లి ఆ గడప ముందు నిలబడి, ఆమెకు జవాబు చెప్పి, అప్పుడు మానేయండి.